కొలను గట్టు మీదికి ఏ చెప్పులో కాస్త చెప్పండి

తడిపాదం
ఇంటి వెనక ఈత కొలను కట్టించుకుని ఏడాది దాటింది. నీళ్ళ సంగతి, పంపు సంగతి, ఫిల్టర్ సంగతి అన్నీ కిందా మీదా పడి నేర్చుకున్నాను. చెప్పుల దగ్గరే ఓడిపోతున్నాను. ఇప్పటికి నాలుగు జతలయ్యాయి.

మొదటిది మామూలు హవాయి చెప్పులు. తడవగానే పాదం పక్కకి జారిపోతుంది, పట్టీ వేలి సందులో కోసుకుంటుంది. రెండోది మెత్తటి ఫోము స్లిప్పర్లు. కొన్న రోజు దూది మీద నడిచినట్టుంది, మూడు నెలలకి మడమ దగ్గర అట్టముక్కలా అణిగిపోయాయి. మూడోది నీళ్ళలో వేసుకునే గుడ్డ బూట్లు. తొడగడం ఒక యుద్ధం, విప్పడం ఇంకో యుద్ధం, ఆరకపోతే ఆ కంపు మూడో యుద్ధం. నాలుగోది క్లాగ్స్, ముందంతా మూసి ఉండే బెజ్జాల ఫోము చెప్పులు. ఇవే నయమనుకుంటుండగా మొన్న సర్రున జారాను. పడలేదు, పక్కనున్న కుర్చీ పట్టుకున్నా. కుర్చీ వెళ్ళి కొలనులో పడింది.

గట్టు చాలా వరకు గరుకు కాంక్రీటు, నీళ్ళ అంచు చుట్టూ మాత్రం పాలిష్ గ్రానైట్. ఇంట్లో ఇద్దరు పిల్లలు, షుగరున్న మామగారు. అందరికీ సరిపోయే రకం ఏదైనా ఉందా?

మూడోమెట్టు
చెప్పులు తీసి అవతల పడెయ్. కొలను దగ్గర ఒట్టికాళ్ళకి మించింది లేదు. నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా జారలేదు.

బుడుంగు
కుర్చీ బయటికొచ్చిందా?

తడిపాదం
వచ్చింది, నేనే దిగి తీశాను. చెప్పులు తేలాయి, కుర్చీ మునిగింది.

అరికాలుమంట
మూడోమెట్టు గారూ, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నల్లరాయి మీద ఒక్క నిమిషం నిలబడి ఆ మాట మళ్ళీ చెప్పండి. నీళ్ళలోంచి తేలికపడి పైకొచ్చిన మనిషి కుర్చీ దాకా కప్పలా గెంతుకుంటూ పోవాలి. మా ఇంట్లో దానికి గట్టు నాట్యం అని పేరు.

మూడోమెట్టు
మాది లేత రంగు ఇసుకరాయి. అంత కాలదు.

అరికాలుమంట
అలా అనండి. రాయి మంచిది, పాదం గొప్పది కాదు.

చెప్పులమేస్త్రి
ఇరవై ఏళ్ళు చెప్పుల తయారీలో పనిచేశాను కాబట్టి నాలుగు ముక్కలు రాస్తా. కొంచెం పొడుగవుతుంది.

తడిపాదం గారు చెప్పిన వాటిలో రెండు వేరే వేరే జారుళ్ళున్నాయి, కలిపేసి చూస్తున్నారు. ఒకటి చెప్పుకి నేలకి మధ్య జారడం. రెండోది పాదానికి చెప్పుకి మధ్య జారడం. హవాయి చెప్పు మిమ్మల్ని మోసం చేసింది రెండో చోట. క్లాగ్ మోసం చేసింది మొదటి చోట. అందరూ చెప్పుని తిరగేసి కింద గాళ్ళు చూస్తారు, పాదం ఆనే పైభాగం మీద వేలు పెట్టి చూసేవాళ్ళు తక్కువ. పైన నున్నగా మెరుస్తుంటే తడి కాలికి అది సబ్బుబిళ్ళే. సన్నటి బుడిపెలో, గీతలో ఉండాలి, అంచు చుట్టూ కొంచెం గట్టు ఉండాలి, మడమ కూర్చునే చోట లోతు ఉండాలి. కొలను దగ్గర ఇంకో తంటా ఉంది. ఎండకి రాసుకునే క్రీము అరికాళ్ళకి అంటుతుంది. అది చెప్పు మీద పేరుకుంటే ఎంత మంచి బుడిపెలైనా పనిచెయ్యవు. వారానికోసారి గిన్నెల సబ్బుతో రుద్ది కడగండి, మీ పాత జతే సగం బాగుపడుతుంది.

ఇక సరుకు. ఆ మెత్తటి ఫోముని ఈవీఏ అంటారు. లోపలి గాలి గదులు దేనికది మూసుకుని ఉంటాయి కాబట్టి నీళ్ళు పీల్చదు, తేలుతుంది, ఇట్టే ఆరుతుంది. బరువు పడ్డ చోటే మళ్ళీ మళ్ళీ నొక్కుకుంటే ఆ గదులు చితికి తిరిగి లేవవు. మీ మడమ దగ్గర జరిగింది అదే. దుకాణంలో బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. గుంట వెంటనే లేస్తే కొంతకాలం మన్నుతుంది. వేలిముద్ర అలాగే నిలబడితే అది మూడు నెలల సరుకు. రబ్బరు బరువెక్కువే గానీ తడి నేల మీద పట్టు దానిదే. పీవీసీ చెప్పులు గట్టిగా, నిగనిగలాడుతూ ఉంటాయి, తడి మీద వాటిని నమ్మకండి. నన్నడిగితే పైన ఈవీఏ, కింద పలచటి రబ్బరు అట్ట అతికించిన రకం మేలు. కాలికి మెత్తన, నేలకి పట్టు.

బుడుంగు
ఇంత చెప్పు గురించి ఇంత చెప్పొచ్చని తెలీదు.

నిద్రగన్నేరు
ఈవీఏ గురించి ఒకటి కలుపుతా, ఎండలో వదలొద్దు. మా ఆయన క్లాగ్స్ గట్టు మీద వదిలేసి రెండు రోజులు ఊరెళ్ళాం. వచ్చేసరికి ముడుచుకుపోయి మా పెద్దాడి కాలికి సరిపోయాయి. వాడు ఇంకా వదల్లేదు, నాన్న దీవెన అంటాడు.

చెప్పులమేస్త్రి
వేడికి ఈవీఏ ముడుచుకుంటుందమ్మా. కారులో వదిలినా అంతే. నీడలో, గాలి ఆడేచోట, వీలైతే నిలబెట్టి ఆరబెట్టాలి.

లోతుకొలిచేవాడు
క్లోరిన్ వల్లే చెప్పులు పాడవుతాయని మా పక్కింటాయన అంటాడు. నిజమేనా?

చెప్పులమేస్త్రి
మామూలుగా కొలనులో ఉండేది 1 నుంచి 3 పీపీఎం, అంటే పది లక్షల భాగాల నీళ్ళకి ఒకటి నుంచి మూడు భాగాలు. ఆ నీళ్ళు ఒకరోజులో చేసేదేం లేదు. కడక్కుండా ఎండలో పారేస్తే మాత్రం ఏడాదికి రబ్బరు గట్టిపడి పగుళ్ళిస్తుంది, అతుకులు వదులుతాయి. గట్టిపడిన రబ్బరుకి పట్టుండదు. నా లెక్కలో ఎండదే పెద్ద చెయ్యి. మంచినీళ్ళతో ఒకసారి కడిగి నీడలో పెడితే సరి.

నీలిటైలు
మేస్త్రి గారి మాట కాదనను గానీ ఇక్కడ తప్పు చెప్పుది కాదు, గ్రానైట్‌ది. నాది టైల్స్, రాళ్ళ పని. తడి పాదాలు తిరిగే చోట పాలిష్ రాయి వేయించమన్నది ఎవరండీ?

జారుడు కొలవడానికి లోలకం పరీక్ష ఉంది. ఊగే చేతికి రబ్బరు ముక్క కట్టి తడి నేల మీద రాపిస్తారు, ఎంత ఆగిందో అంకె వస్తుంది. బ్రిటన్‌లో వాడే లెక్క ప్రకారం 36 నుంచి పైకి ఉంటే జారే ప్రమాదం తక్కువ, 25 నుంచి 35 మధ్యరకం, 24 దాకా ఉంటే ఎక్కువ. పాలిష్ రాయి పొడిగా ఉన్నప్పుడు దర్జాగా నిలబడుతుంది, తడవగానే దాని అంకె అడుగుకి పడిపోతుంది. గరుకు నేలకి చిన్న చిన్న మొనలుంటాయి, అవి నీటి పొరని చీల్చుకుని చెప్పుని తాకుతాయి. అద్దంలాంటి రాయికి ఏముంది చీల్చడానికి?

ఒట్టికాళ్ళ కోసం జర్మనీ వాళ్ళ డిన్ 51097 అనే పరీక్ష వేరే ఉండేది, 2021లో అది యూరప్ ప్రమాణం ఈఎన్ 16165లో కలిసింది. వాలు పలక మీద సబ్బునీళ్ళు పారిస్తూ మనిషిని ఒట్టికాళ్ళతో నడిపిస్తారు, జారేదాకా వాలు పెంచుతూ పోతారు. 12 డిగ్రీలకి ఎ, 18కి బి, 24కి సి. కొలను చుట్టూ బి, నీళ్ళలోకి దిగే మెట్లకి సి చూసుకోవాలి. టైలు పెట్టె మీద, లేదంటే దాని వివరాల కాగితంలో ఉంటుంది. అడగండి.

తడిపాదం
వేయించింది నేనే. మెరుస్తుంటే బాగుందనుకున్నా. తిట్టడం అయిపోయిందా?

నీలిటైలు
అయిపోయింది. పగలగొట్టక్కర్లేదు. పైపొరని మంటతో కాల్చి గరుకు చేసే పద్ధతుంది, బుష్ హ్యామరింగ్ అని సుత్తితో చుక్కలు చుక్కలుగా కొట్టే పద్ధతుంది. వేసేసిన రాయికి జారకుండా పూతలు కూడా వస్తాయి గానీ అరుగుతుంటాయి, మళ్ళీ మళ్ళీ వెయ్యాలి. ముందు దిగే చోట, నిచ్చెన దగ్గర చేయించు.

మూడోమెట్టు
చూశారా, నేల బాగుంటే చెప్పులక్కర్లేదని నేను మొదట్నించీ అదే అంటున్నా.

అరికాలుమంట
మీరు అన్నది అది కాదు. పైకెళ్ళి చదవండి.

రాత్రిడ్యూటీ
హోటల్ వంటగదిలో పని నాది. మా బూట్ల మీద ఎస్‌ఆర్‌సీ అని ఉంటుంది. సబ్బునీళ్ళు పోసిన టైలు మీద ఒకటి, గ్లిజరాల్ పోసిన ఉక్కు రేకు మీద ఒకటి, రెండు పరీక్షలూ నెగ్గితే ఆ మూడక్షరాలు వేసేవాళ్ళు. ఆ బూట్ల ప్రమాణానికి 2022లో వచ్చిన సవరణ నుంచి పద్ధతి మారి ఎస్‌ఆర్ అని వస్తోంది. ఆ బూట్లే కొలను దగ్గర వేసుకు చూశా. పట్టు అదిరిపోయింది. కానీ లోపలికెళ్ళిన నీళ్ళు బయటికి రావు, ఒక్కో కాలు ఒక్కో బకెట్. అడుగేస్తే పచక్ పచక్. దొంగతనానికి పనికిరావు.

బుడుంగు
అర్ధరాత్రి ఈతకి కూడా పనికిరావు, ఇంట్లో వాళ్ళు లేస్తారు.

కాగితంపడవ
కింద గాళ్ళ గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పాల్ స్పెర్రీ అని ఒకాయన పడవ మీద జారి విసిగిపోయి, తన కుక్క మంచు మీద జారకుండా పరిగెత్తడం చూసి దాని పంజా కిందికి చూశాడట. అరికాలి నిండా సన్నటి చీలికలు. కత్తి తీసుకుని రబ్బరు అట్ట మీద అలాగే గాట్లు పెట్టాడు. 1935లో ఆ పడవ బూట్లు వచ్చాయి. కాబట్టి లోతైన పెద్ద పెద్ద గాళ్ళు చూసి మురిసిపోవద్దు, అవి బురదకి. నున్నటి తడి నేల మీద కావాల్సింది సన్నటి, దగ్గర దగ్గరగా ఉన్న చీలికలు. అడుగు పడగానే నీళ్ళు వాటిలోకి తప్పుకుంటాయి, మిగతా రబ్బరు నేలని కరుచుకుంటుంది.

చెప్పులమేస్త్రి
సరిగ్గా చెప్పారు. ఆ చీలికలు అంచు దాకా పోవాలి, మధ్యలో ఆగిపోతే నీళ్ళకి దారేది? ఇంకోటి, కాంక్రీటు గరుకు కాబట్టి మెత్తటి రబ్బరుని ఆకురాయిలా అరగదీస్తుంది. గీతలు కనపడటం మానేసిన రోజు ఆ జతకి సెలవిచ్చెయ్యాలి.

తడిపాదం
ఇప్పుడే నా క్లాగ్స్ తిరగేసి చూశా. మడమ కింద గీతలు లేవు. బుగ్గలా నున్నగా ఉంది.

వెనకపట్టీ
మామగారి సంగతి ఎవరూ ఎత్తలేదేం? షుగరు అన్నారు కదా. ఇది సరదా విషయం కాదు కాబట్టి మా ఇంట్లో జరిగింది రాస్తున్నా.

మా నాన్నకి చాలా ఏళ్ళుగా షుగరు. అరికాళ్ళు కొంత మొద్దుబారాయి, ఆ సంగతి ఆయనకీ సరిగ్గా తెలీదు. ఓ మధ్యాహ్నం మనవలు ఈదుతుంటే గట్టు మీద ఒట్టికాళ్ళతో అటూ ఇటూ తిరిగాడు. ఏమీ అనలేదు. రాత్రి కాళ్ళు కడుక్కుంటుంటే అమ్మ చూసింది, రెండు అరికాళ్ళకీ బొబ్బలు. ఆయనకి నొప్పే తెలీలేదు! మానడానికి రెండు నెలలు పట్టింది, రోజూ కట్టు. అరికాలుమంట గారు గెంతారంటే అది అదృష్టం, గెంతాలని కాలు చెప్పింది. మా నాన్నకి చెప్పలేదు.

అప్పట్నించి మా పద్ధతి ఇది. ముందు వేళ్ళు మూసి, వెనక పట్టీ ఉన్న శాండల్స్, వెల్క్రో ఉన్నవి, పాదం కొంచెం వాచినా సర్దుకోవచ్చు. వేలి సందులో పట్టీ ఉన్నవి అసలు వద్దు, ఒరిపిడికి పుండు పడినా తెలీదు. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడమాలి, చిన్న రాయి ఉన్నా ఆయనకి తెలీదు కదా. విప్పాక వేళ్ళ సందులు తుడిచి ఆరబెట్టాలి. కొత్త జత మొదటి రోజు పావుగంటే వేసుకుని, విప్పి, ఎక్కడన్నా ఎర్రబడిందేమో చూడాలి. డాక్టరుకి ఒకసారి పాదాలు చూపిస్తే ఇంకా మంచిది.

తడిపాదం
మా మామగారు కూడా ఒట్టికాళ్ళతోనే తిరుగుతారు. ఏమీ కాలట్లేదు అంటారు. ఆయన ఓర్పు గల మనిషి అని నేననుకున్నాను. ఇవాళే కొంటాను, థాంక్స్ అక్కా.

మూడోమెట్టు
షుగరున్నవాళ్ళ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి మాత్రం ఒట్టికాళ్ళే.

నిద్రగన్నేరు
పిల్లలకి: వెనక పట్టీ తప్పనిసరి. ఇంకో ఏడాది వస్తాయి కదా అని ఒక సైజు పెద్దవి కొనకండి, స్కూలు బూట్లకి ఆ లెక్క చెల్లుతుందేమో, తడి గట్టు మీద చెల్లదు. పరిగెత్తొద్దు అని ఎంత అరిచినా పరిగెత్తుతారు, అరవడం మీద ఆధారపడొద్దు.

లోతుకొలిచేవాడు
మేం ఓ బుట్టలో ఆరేడు జతలు పెట్టాం. ఎవరొచ్చినా అందులోంచి తీసుకుని వేసుకుంటారు. బయటి చెప్పులు గట్టు మీదికి రావు, మట్టి, గడ్డి నీళ్ళలో పడవు. ఫిల్టరుకి ఎంత సుఖమో.

వెనకపట్టీ
బయటివి రానివ్వకపోవడం బాగుంది. ఒకరివి ఒకరు వేసుకోవడమే బాలేదు. వేళ్ళ సందుల్లో ఒరుపులు, తామర, అరికాలి పులిపిర్లు, ఇవన్నీ తడి చెప్పుల్లోంచే ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి.

లోతుకొలిచేవాడు
క్లోరిన్ నీళ్ళలో మునిగి వచ్చిన కాళ్ళే కదా?

వెనకపట్టీ
కాళ్ళు మునిగాయి, చెప్పులు మునగలేదు. పైగా తడి చెప్పులు ఒకదాని మీద ఒకటి బుట్టలో కుక్కితే లోపల ఏం పెరుగుతుందో మీరే ఊహించుకోండి.

లోతుకొలిచేవాడు
బుట్ట తీసేసి మేకులు కొడతాను. ఎవరి చెప్పులు వాళ్ళ మేకుకి. చుట్టాలకి కడిగి ఆరబెట్టినవి విడిగా. సంతోషమా?

వెనకపట్టీ
సంతోషం.

గుండుసూది
వినైల్ లైనరు, అంటే లోపల ప్లాస్టిక్ పొర వేసిన కొలనున్నవాళ్ళు చెప్పుల గాళ్ళలో ఇరుక్కున్న రాళ్ళు చూసుకోండి. మెట్ల మీద చెప్పులతో దిగాడు మా తమ్ముడు. చిల్లి ఎక్కడుందో వెతకడానికి వారం పట్టింది.

రాత్రిడ్యూటీ
నల్ల సోలు లేత గట్టు మీద గీతలు వేస్తుంది, అదీ చూసుకోవాలి. మరకలు వెయ్యని సోలు అని విడిగా అమ్ముతారు.

మడమశూల
సుఖం గురించి అడిగారు, ఎంతసేపూ జారడం గురించే. నాకు మడమ నొప్పి, పొద్దున మంచం దిగితే మేకు మీద కాలేసినట్టుంటుంది. పలచటి హవాయి చెప్పులు వేసుకున్న రోజు ఇంకా ఎక్కువ. ఊడిపోకుండా వేళ్ళతో చెప్పుని బిగబట్టుకుని నడుస్తాం కదా, తెలీకుండానే పాదం అలిసిపోతుంది. మధ్యలో ఒంపు దగ్గర కాస్త ఎత్తు, మడమ దగ్గర కాస్త మందం ఉన్నవి వేసుకున్నాక హాయిగా ఉంది. మరీ మెత్తవి కూడా కాదు. కాలు కూరుకుపోయే మెత్తదనం దుకాణంలో బాగుంటుంది, గంటసేపు నిలబడితే తెలుస్తుంది దాని బండారం. కొనేటప్పుడు సాయంత్రం వెళ్ళండి, పాదం అప్పటికి కొంచెం వాచి ఉంటుంది.

కాగితంపడవ
వీలైతే కాళ్ళు తడుపుకుని వేసి చూడండి. దుకాణం వాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

గుండుసూది
ఇంకో ముక్క. నీళ్ళలో యాసిడ్, క్లోరిన్ గుళికలు వేసేటప్పుడు ఈ చెప్పులేవీ పనికిరావు. నేను ఓసారి తొందరలో హవాయి చెప్పులతో యాసిడ్ పోస్తుంటే ఒక్క చుక్క కాలి వేలి మీద పడింది. కడుక్కున్నా మచ్చ ఉండిపోయింది. ఆ పనికి మూసి ఉన్న రబ్బరు బూట్లు విడిగా పెట్టుకున్నా.

మూడోమెట్టు
కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అన్నారు పెద్దలు. మీరంతా కాలు గురించి ఇంత కంగారు పడితే ఎలా?

నీలిటైలు
ఆ మాటన్న పెద్దాయన తడి గ్రానైట్ మీద నడిచి ఉండడు.

తడిపాదం
మూడు వారాల తర్వాత వస్తున్నా, జరిగింది రాస్తాను.

అందరికీ ఒకటే రకం అన్న ఆలోచన వదిలేశా. మామగారికి వేళ్ళు మూసి ఉన్న వెనకపట్టీ శాండల్స్. మొదటి రెండు రోజులు మొహం ముడుచుకున్నారు. డాక్టరు సన్నటి తీగతో అరికాలు తాకుతూ ఎక్కడ తెలుస్తోంది అని అడిగితే, మూడు చోట్ల ఆయనకి తెలీలేదు. అప్పట్నించి ఆయనే అడిగి వేసుకుంటున్నారు. పిల్లలకి సరిగ్గా సైజుకి తగ్గ పట్టీ చెప్పులు. నాకు కింద రబ్బరు, పైన బుడిపెలు ఉన్నవి.

కొన్నాక పరీక్ష కూడా చేశా. నిచ్చెన కమ్మీ పట్టుకుని, గ్రానైట్ మీద నీళ్ళు పోసి, ఒక కాలు మెల్లగా ముందుకి తోసి చూశా. పాత క్లాగ్ సర్రున పోయింది. కొత్తది కిర్రుమని ఆగింది. అదే కొత్తదానికి ఎండ క్రీము రాసి చూస్తే పాదం లోపలే జారింది, మేస్త్రి గారు చెప్పినట్టే. సబ్బుతో కడిగితే మళ్ళీ మామూలే. హవాయి చెప్పుల్ని పొడిగా ఉన్న వరండాకి బదిలీ చేశా. గ్రానైట్ మాత్రం కొత్త చెప్పుతో కూడా పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు, దిగే చోట రెండు వైపులా గరుకు చేయించాను. మెరుపు పోయింది. మా ఆవిడ ఇంకా మాట్లాడట్లేదు.

నీలిటైలు
మిగతా అంచు కూడా చేయించెయ్. ఎలాగూ మాట్లాడట్లేదు కదా.

చెప్పులమేస్త్రి
ఆరు నెలలకోసారి తిరగేసి గీతలు చూడటం మర్చిపోకండి.

బుడుంగు
అంతా బాగుంది. కుర్చీ సంగతేం చేశావు?

తడిపాదం
నాలుగు కాళ్ళకీ రబ్బరు తొడుగులు వేయించా. ఇప్పుడు ఇంట్లో అందరికంటే గట్టిగా నిలబడేది అదే.